లావూ పొడవూ: క్యూబా సిగార్ల దగ్గర

హవానా నుంచి వినాలెస్ లోయకి దాదాపు 180 కిలోమీటర్లు. పొగాకు కోతల కాలమని తెలుసుకునే, ఫిబ్రవరిలో టొరంటో నుంచి మా బావమరిదీ నేనూ బయల్దేరాం. ఎర్రమట్టి చేలు, వాటి మధ్య నిటారుగా లేచిన సున్నపురాయి గుట్టలు. 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన చోటు ఇది. గుట్టల అందం గురించి రాసినవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నేను నేరుగా పొగాకు పాకలోకి వెళ్లిపోతాను.

ఆకుల కప్పు వేసిన ఎత్తయిన పాక. కర్రలకి ఆకులు జంటలు జంటలుగా కుట్టి, కింద నుంచి పైకప్పు దాకా వరసలుగా వేలాడదీశారు. గోదావరి లంకల పక్కన పెరిగినవాణ్ణి, ఆ వాసన నాకు కొత్త కాదు. మా లంక పొగాకుతో ఒకప్పుడు పేరుమోసిన చుట్టలు చుట్టేవారు. చుట్టకి రెండు కొసలూ తెరిచే ఉంటాయి, అంటించి లాగడమే. క్యూబా సిగార్‌కి మాత్రం తలవైపు, అంటే నోట్లో పెట్టుకునే కొస, మూసి ఉంటుంది, కోసుకుని కాల్చాలి. ఎంత కోస్తే అంత పొగ.

రైతు మమ్మల్ని చేలోకి తీసుకెళ్లి ఒక మొక్క దగ్గర నిలబెట్టాడు. అడుగు ఆకుల్ని వొలాదో అంటారు, ఘాటు తక్కువ, చక్కగా అంటుకుంటాయి. మధ్యవి సెకో, సువాసనంతా వాటిదే. పైన ఎండ బాగా తగిలే ఆకులు లిహేరో. మందంగా, జిడ్డుగా ఉంటాయి, ఘాటెక్కువ, నిదానంగా కాలుతాయి. అందుకే లిహేరోని సిగార్ నడిమధ్యలో పెడతారు.

"బావా, ఇదే ఆకుని సన్నగా చుడితే రుచి మారుతుందేమో అడగనా?" అన్నాడు మా బావమరిది. వాడికి స్పానిష్ బాగానే వచ్చు.

రైతు నోటితో జవాబు చెప్పలేదు. బల్ల ముందు కూర్చుని, ఆకు నడిమి ఈనె లాగేసి, ఒకే కుప్పలోంచి తీసి రెండు చుట్టాడు, ఒకటి లావుది, ఒకటి సన్నది. సన్నదాని వంతు వచ్చేసరికి లిహేరో ముక్క తీసి పక్కన పెట్టేశాడు. అంత ఇరుకులో ఆ మందపాటి ఆకు కూరితే లాగినా పొగ రాదట. చివర్న తల కొసని తేనెలో ముంచి మా చేతికిచ్చాడు.

పొగ మింగకూడదు, నోట్లో ఆడించి వదిలేయాలి. అలాగని హాని లేదని కాదు. ఖాళీ కడుపుతో కాలిస్తే తల తిరుగుతుంది కూడా. సన్నది మొదట్నుంచీ పదునుగా, తీయగా ఉంది. కాస్త గబగబా లాగితే చాలు, పొగ వేడెక్కి నాలుక చురుక్కుమంది. లావుది చల్లగా, నోటి నిండా పొగతో మొదలై, సగం దాటాక ఘాటెక్కింది.

హవానాలో సిగార్ ఫ్యాక్టరీ చూశాక దీని లెక్క అర్థమైంది. సిగార్ లావుని అంగుళంలో 64వ వంతుల్లో కొలుస్తారు. 50 అంటే 50/64 అంగుళం, దాదాపు 20 మిల్లీమీటర్లు. లావు 50 నుంచి 38కి దిగితే చుట్టుకొలత పావు వంతే తగ్గుతుంది, లోపలి ఆకు మాత్రం 40 శాతం పైనే తగ్గిపోతుంది. అంటే సన్నదాంట్లో సిగార్ మీద చుట్టే పై ఆకు రుచి ముందుకొస్తుంది, లావుదాంట్లో లోపలి ఆకుల కలయిక మాట్లాడుతుంది. పొడవు చెప్పేది ముఖ్యంగా టైం. పొగ ఎక్కువ దూరం ప్రయాణించి వస్తుంది కాబట్టి పొడుగుదాని మొదటి భాగం చల్లగా కూడా ఉంటుంది.

ఆ హాల్లో వరసగా బల్లలు, ఒక్కొక్కరి చేతిలో చవేతా అనే పిడి లేని చదునైన కత్తి. చుట్టినవాటిని చెక్క అచ్చుల్లో పెట్టి నొక్కుతారు. తర్వాత రంధ్రాలున్న కొలబద్దలోంచి దూర్చి లావు సరిచూస్తారు. పనిచేసేవాళ్లకి పేపరూ నవలలూ చదివి వినిపించే ఆనవాయితీ 1865 నుంచి ఉంది. చేతులు ఆడుతూనే ఉంటాయి, చెవులు కథలో ఉంటాయి. ఎంత గొప్ప ఏర్పాటు!

మొనదేలిన సిగార్లు చుట్టే బల్ల దగ్గరే నేను ఎక్కువసేపు నిలబడిపోయాను. మోంటెక్రిస్టో బ్రాండు నంబర్ 2 ఆ రకమే. 156 మిల్లీమీటర్ల పొడవు, 52 లావు, తల దగ్గరికొచ్చేసరికి సన్నబడుతుంది. ఆ మొన దగ్గర ఆకు ఎక్కువైతే పొగ ఆగిపోతుంది, తక్కువైతే మెత్తబడి నలిగిపోతుంది. చుట్టే ఆవిడ చూపుడువేలితో నొక్కి చూసి, ఇంకో పోగు లోపలికి తోసింది. అన్నంలో ఉప్పు చూసినట్టు, కొలత అంతా వేలికే తెలుసు. కొసని కొంచెమే కోస్తే పొగ చిక్కగా నాలుక మీదికి వస్తుంది, ఇంకాస్త కోస్తే సాఫీగా వస్తుంది. ఆ వెసులుబాటు మిగతా ఆకారాల్లో ఇంతగా ఉండదు.

ఇప్పుడు 60 లావువి కూడా బాగా అమ్ముడవుతున్నాయి. నాకు నచ్చలేదు. నోటికి పట్టవు, పై ఆకు రుచి ఎక్కడో మునిగిపోతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చర్చిల్ అనే పొడుగు రకం జోలికి కూడా పోవద్దనే అంటాను. 178 మిల్లీమీటర్ల పొడవు, 47 లావు, గంట పైనే కూర్చోవాలి. 129 మిల్లీమీటర్ల పెటిట్ కరోనా, 42 లావుది, అరగంట చిల్లరలో అయిపోతుంది. పై ఆకూ లోపలి ఆకూ రెండూ సమానంగా తెలుస్తాయి. నా ఓటు దానికే.

కెనడాకి మనిషికి 50 సిగార్లు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. పెటిట్ కరోనాలు ఎక్కువ, పొట్టిగా లావుగా ఉండే రొబుస్టోలు కొన్ని, 38 లావు లాన్సెరోలు కాసిని కొన్నాం. చలికాలం హీటర్ గాలికి ఇవి ఇట్టే ఎండిపోతాయి. తేమ 65 నుంచి 70 శాతం ఉండే పెట్టెలో దాచాలి. సన్నవే ముందు ఎండుతాయి కాబట్టి ముందు లాన్సెరోలు కాల్చేద్దామని విమానంలోనే అనుకున్నాం.