ఆ ఒంట్లో ముందుండిన పిల్ల ఏమాయ?

రెండేళ్ళుగా రాత్రి పదకొండు దాటినాక నేను చదివేది ఒకటే రకం వెబ్ నవలలు. చైనాలో వీటిని క్వాయ్‌చువాన్ అంటారు, గబగబా లోకాలు దాటుకుంటా పోవడం అన్నమాట. హీరోయిన్ మొదటి చాప్టర్లోనే చచ్చిపోతుంది, తలలో సిస్టం అని ఒక గొంతు మొదలవుతుంది, అది ఈమెను ఏదో కథలోకి తోస్తుంది, అక్కడ ఇంకెవరో పిల్ల ఒంట్లో కళ్ళు తెరుస్తుంది, ఆ కథలోని విలన్ అందర్నీ నాశనం చేయకముందే వాని మనసు మార్చాల, మారిస్తే పాయింట్లు, తర్వాత ఇంకో లోకం. ఒకచోట రాజులు, ఒకచోట ఆఫీసులు, ఒకచోట జాంబీలు. 2003లో మొదలైన జిన్‌జియాంగ్ అనే సైటు ఆడవాళ్ళు ఎక్కువగా రాసి, ఎక్కువగా చదివే చోటు, ఇట్లాంటివి అక్కడ కొల్లలు. ముందు కొన్ని చాప్టర్లు ఫ్రీ, ఆ పైన డబ్బులు కట్టి చదవాల, అందుకే కథలు వందల చాప్టర్లు సాగుతాయి.

నాకు చైనీస్ రాదు. ఇంగ్లీషులోకి చేసేవాళ్ళు మధ్యలో ఆపేస్తే మెషిన్ అనువాదమే గతి, అందులో విలన్ ఉన్నట్టుండి ఆమె అయిపోతాడు. చైనీస్‌లోనూ మన మాదిరే ఎవరు అని చెప్పకుండానే వాక్యం నడుస్తుందంట, మనకైతే వచ్చాడు, వచ్చింది అనడంలోనే తెలిసిపోతుంది, వాళ్ళ క్రియల్లో అదీ లేదు.

నేను చదివేది ఆ అంకె కోసం. విలన్ మనసులో ఎంత చీకటి ఉందో సిస్టం లెక్క చూపిస్తాంటుంది, మొదట్లో 99 ఉంటుంది. మంచి రచయిత్రి అయితే హీరోయిన్‌ని వాని చిన్నతనంలోకి పంపిస్తుంది, ఇంట్లో ఎవరూ అన్నం పెట్టని ఎనిమిదేళ్ళ పిల్లోడు, ఈమె రోజూ ఒక గిన్నె తెచ్చి గడప దగ్గర పెట్టి పోతుంది, వాడు తినడు, పదిరోజులైనా తినడు, పదకొండో రోజు గిన్నె ఖాళీగా ఉంటుంది, 99 కాస్తా 98 అవుతుంది. ఆ ఒక్క అంకెకి నాకు ఏడుపొచ్చేస్తుంది. గొంతు పట్టుకుని గదిలో పెట్టి తాళం వేసేవాణ్ణి చూపించి దీన్నే ప్రేమ అనే నవలలు కూడా చానా ఉన్నాయి, వాటిని సగంలోనే వదిలేస్తా. దెబ్బలు తిని ఒకణ్ణి బాగుచేసే పని ఏ ఆడపిల్లదీ కాదు, కథలో కూడా కాదు.

దసరాకి అనంతపురం నుంచి కదిరి పక్క మా ఊరికి పోయినప్పుడు అవ్వతో కూర్చుని చెనక్కాయలు వలుస్తాంటే, రాత్రంతా ఆ ఫోన్లో ఏం చదువుతాండావు మే అని అడిగింది. కథ చెప్పినా. అవ్వ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "అది పరకాయ ప్రవేశం కదా, విక్రమార్కుడు చిలక ఒంట్లో దూరలేదా" అనింది. చెడిన మొగోణ్ణి మార్చడమా, మా కటారుపల్లి వేమన్నని మార్చలేదా వాళ్ళ వదిన, ఎవరికో ఇయ్యాలని నగ అడిగితే ఒక్క షరతు పెట్టి వాని మోజంతా విరిచేసింది అని ఆ కథంతా నాకే చెప్పింది. వేమన సమాధి మాకు దగ్గరే, చిన్నప్పుడు ఎన్నిసార్లు పోయినానో, ఆ వదిన గురించి మాత్రం ఎప్పుడూ ఇట్లా ఆలోచించలేదు. ఆయమ్మ పని అయిపోయిందని ఇంకో లోకానికి పోలేదు, ఆ ఇంట్లోనే ఉండింది.

తర్వాత కాసేపు ఏమీ మాట్లాడకుండా వలిచి, "అది సరే, ఆ ఒంట్లో ముందుండిన పిల్ల ఏమాయ?" అనింది.

ఇన్ని నవలలు చదివినా, నాకు ఆ ప్రశ్న రాలేదు. కొన్నిట్లో ఆ పిల్ల కోరిక ఒకటి వదిలిపెట్టి పోతుంది, మా అమ్మానాన్నల్ని చూసుకో, నా చదువు పూర్తిచెయ్యి అని, హీరోయిన్ అది తీర్చాల్సిందే. చానావాటిల్లో ఆమె పేరు రెండో చాప్టర్‌కే మాయం. విలన్ కన్నీళ్ళకి నలభై చాప్టర్లు, ఈ పిల్లకి రెండు లైన్లు, నాకు ఇది అన్యాయం అనిపిస్తాంది.

ఇప్పుడు చదివేదాంట్లో ఆ పిల్ల కోరిక ఒకటే, వాళ్ళమ్మని ఆ పెద్దింట్లోనుంచి బయటికి పిలుచుకు రావాల. 212 చాప్టర్లు అయినాయి. విలన్ అంకె 40కి దిగింది. నిన్న అవ్వ ఫోన్ చేసి, బాగుండావా అని కూడా అడక్కుండా, "వాళ్ళమ్మని పిలుచుకొచ్చిందా?" అనింది.

ఇంకా లేదవ్వా అని చెప్పినా.