మా అమ్మాయి ఎలక్ట్రీషియన్

మా పెద్దమ్మాయి కరెంటు పని నేర్చుకుంటోంది అంటే పోర్ట్‌లాండ్‌లో మనవాళ్ళు "ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ కదా?" అని వాళ్ళే సర్దేస్తారు. కాదండీ, గోడల్లో వైర్లు లాగే పనే. అంతకుముందు కాలిన అడవుల్లో మొక్కలు నాటించేది.

2020 సెప్టెంబరులో ఒరెగాన్‌లో తూర్పు గాలులకి మంటలు చెలరేగి పది లక్షల ఎకరాలకు పైగా కాలిపోయింది. తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కుకుని ఇంట్లో కూర్చున్నాం. తను అప్పుడు కోర్వాలిస్‌లో ఫారెస్ట్రీ చదువుతోంది. డిగ్రీ చేతికి రాగానే ఆ కొండలకే వెళ్ళింది. అక్కడ డగ్లస్ ఫర్ మొక్కలు నాటేది చలికాలం చివర్లో, వానలో. మట్టి లేకుండా ఉత్త వేళ్ళతో కోల్డ్ స్టోరేజీ నుంచి సంచుల్లో వస్తాయి. గుంత లోతు చాలకపోతే వేరు కొస పైకి మడతపడుతుంది. చూడ్డానికి మొక్క నిక్షేపంగా ఉంటుంది, కొన్నేళ్ళు పోయాక గాలికి ఒరుగుతుంది. నాటినవాటిలో అక్కడొకటి ఇక్కడొకటి తవ్వి ఆ మడత చూడటం తన పని. నాటేవాళ్ళలో ఎక్కువమంది మెక్సికో, గ్వాటెమాలా నుంచి సీజన్ వీసాల మీద వచ్చినవాళ్ళు. వాళ్ళతో తిరిగి తిరిగి తనకి తెలుగు కంటే స్పానిష్ బాగా వచ్చేసింది!

"అడవులు పెంచుతోంది" అని చెప్పుకోవడానికి మాకు గొప్పగానే ఉండేది. కానీ గ్రాంటు అయిపోతే ఉద్యోగమూ అయిపోయేది, దాంతోపాటే హెల్త్ ఇన్సూరెన్సూ. "చెట్టు నిలబడిందో లేదో తెలియడానికి ఇరవై ఏళ్ళు ఆగొచ్చమ్మా, అద్దె ఆగదు కదా" అంది ఒకరోజు. అలా కరెంటు పనిలో చేరింది. ఈ పనికి ఇక్కడ 8,000 గంటలు సైట్లో పనిచేసి, 576 గంటలు క్లాసులో కూర్చుంటేగానీ లైసెన్సు పరీక్షకి రానివ్వరు. జీతం మాత్రం మొదటినుంచీ ఇస్తారు.

నా టెన్షనంతా మా నాన్నతో. ఆయన ఏపీఎస్‌ఈబీలో లైన్‌మన్‌గా రిటైరయ్యారు. ఇంట్లో ఇంకెవరూ స్తంభం ఎక్కకూడదనే నన్ను ఇంజనీరింగ్ చదివించారు. వీడియో కాల్‌లో సంగతి విని, చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మనవరాలిని ఒకటే అడిగారు: "ఎల్‌సీ ఎవరు తీసుకుంటారమ్మా?" లైన్ క్లియర్ అన్నమాట. సబ్‌స్టేషన్‌లో సప్లై ఆపామని చెబితేనే వీళ్ళు స్తంభం ఎక్కేది. ఆ మాట తనకి అర్థం కాలేదు, నేను చెప్పాను. "మేం ఎవరి మాటా నమ్మం తాతయ్యా. బ్రేకర్‌కి నా తాళం నేనే వేసుకుంటా, తాళంచెవి నా జేబులోనే ఉంటుంది" అంది. ఆయన ఆ తాళం చూపించమన్నారు. ఎర్రటి చిన్న తాళం, దాని మీద తన పేరు. ఆపాం అన్న మాట నమ్మి పైకెక్కి, తిరిగి దిగని తోటి లైన్‌మన్ గురించి అప్పుడు చెప్పారు. నాకెప్పుడూ చెప్పలేదు. అంతవరకూ వాళ్ళిద్దరి మధ్య "తిన్నావా, స్కూలెలా ఉంది" దాటి మాట ఉండేది కాదు. ఇప్పుడు వచ్చీరాని తెలుగులోనే ఎర్తింగ్ గురించి వాదించుకుంటారు.

పెళ్ళి సంబంధాల దగ్గర ఏం చెబుతారని మా ఆడపడుచు అడుగుతూనే ఉంది. మా ఆయన కూడా మాస్టర్స్ చేయమని కొన్నాళ్ళు నసపెట్టారు. ఈమధ్య గ్యారేజీలో కారు ఛార్జర్ పెట్టమంటే, పక్కన లైసెన్సున్న మనిషి లేకుండా ముట్టుకోనంది. బయటి ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. ఆ బిల్లు చూశాక మాస్టర్స్ మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.