కంపెనీయా, సర్కారా?

ఒడిశా పర్లాకిమిడిలో మా సొసైటీ లెక్కలు రాసేది నేనే. చోళ్లు (రాగులు) పండించే ఆడవాళ్ల సంఘాలతో పని. 2022లో విదేశీ ప్రభుత్వ ఏజెన్సీ ఒకటి మాలాంటి వాళ్లతో కలిసి పనిచేస్తుందని తెలిసి ఎగిరి గంతేశాం.

ఆడిటర్ గారిని అడిగాను: "ఆ ఏజెన్సీ పేరుకి కంపెనీయే కదండీ, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) గొడవ ఉండదేమో?" ఆయన నవ్వారు. "జర్మనీ సహకార సంస్థ జీఐజెడ్ కూడా లిమిటెడ్ కంపెనీయే. కానీ యజమాని ఎవరు? జర్మన్ ప్రభుత్వం. నువ్వు చేసిన పనికి బిల్లు వేస్తే వేరు సంగతి. గ్రాంటు తీసుకుంటే మాత్రం కంపెనీ ఇచ్చినా, సర్కారు ఇచ్చినా విదేశీ సొమ్మే."

సరే, రిజిస్ట్రేషన్‌కి దిగాం. సొసైటీకి మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో 15 లక్షలు అసలు పనికే ఖర్చుపెట్టి ఉండాలి. వోచర్లు కూడితే అంచుల మీద గట్టెక్కాం. విదేశీ డబ్బు పడే ఖాతా మాత్రం స్టేట్ బ్యాంకు న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచిలోనే ఉండాలి. ఢిల్లీ వెళ్లక్కర్లేదు, కాగితాలు మన ఊరి బ్రాంచిలో ఇస్తే చాలు.

చిక్కు మా ప్రెసిడెంటు అయిన పిన్ని పేరుతో వచ్చింది. ఆవిడ పుట్టిల్లు పాతపట్నం, మెట్టిల్లు ఇక్కడ. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాన్‌లో వెనక. ఒడియాలో రాసిన సొసైటీ కాగితంలో అసలు ఇంటిపేరే లేదు. కాగితాల ప్రకారం ముగ్గురు పిన్నులు! నోటరీ దగ్గర అఫిడవిట్ మీద సంతకం పెడుతూ, "నలభై ఏళ్లు కాపురం చేశాక నేనెవరినో రాసివ్వాలేంట్రా?" అంది. ఆ ఒక్క కాగితానికి పదిహేను రోజులు, మూడు సార్లు కోర్టు దగ్గర టీ.

ఎలాగో సర్టిఫికెట్ వచ్చింది. ఇంతలో ఏజెన్సీ నుంచి ఒకాయన వచ్చి రెండు రోజులు చోళ్ల శుద్ధి, గ్రేడింగ్ మీద ట్రైనింగ్ ఇచ్చారు. రెండో రోజు భోజనాల దగ్గర పిన్ని ఉండబట్టలేక, "బాబూ, డబ్బు ఎప్పుడు పడుతుంది?" అని అడిగేసింది. ఆయన ఓపిగ్గా చెప్పారు: తమది సాంకేతిక సహకారం, ముఖ్యంగా ఇచ్చేది మనుషుల్ని, పనితనాన్ని. జర్మనీలో అప్పులిచ్చే పని కేఎఫ్‌డబ్ల్యూ అనే బ్యాంకుది. జపాన్‌లో అయితే 2008 నుంచి ఆ రెండూ జైకా అనే ఒకే సంస్థ చేతిలోనే ఉన్నాయట. పిన్ని నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఢిల్లీ ఖాతాలో ఇప్పటికీ విదేశీ రూపాయి ఒక్కటీ పడలేదు. పడకపోయినా ఏటా డిసెంబర్ 31లోగా విదేశీ డబ్బు లెక్క చెప్పే ఎఫ్‌సీ-4 రిటర్న్ వేయాల్సిందే. మొన్ననే వేశాను, అన్ని గళ్లలోనూ సున్నాలు పెట్టి.