ఫెసిలిటీ 2:05 కోసం: మూడో వారం

మొదటి వారం నా టైమ్ 3:40. పోయిన శనివారం 2:31. నిన్నటికి 2:09. కావాల్సింది 2:05.

గేమ్ గోల్డెన్‌ఐ 007. 1995లో వచ్చిన బాండ్ సినిమా ఆధారంగా ఇంగ్లండ్‌లోని రేర్ కంపెనీ తయారుచేసింది, 1997లో నింటెండో 64 గేమ్ కన్సోల్‌కి వచ్చింది. రెండో లెవెల్ ఫెసిలిటీని 00 ఏజెంట్ అనే కష్టమైన మోడ్‌లో 2 నిమిషాల 5 సెకన్లలోపు పూర్తి చేస్తే ఇన్విన్సిబుల్ చీట్ తెరుచుకుంటుంది. ఆ చావులేని చీట్ కోసం మూడు వారాల్లో ఎన్నిసార్లు చచ్చానో లెక్కలేదు.

ముందు సామాను గురించి. టెక్సాస్ ప్లానోలోని మా ఇంట్లో కొత్త టీవీకి పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల సాకెట్లే లేవు. కన్వర్టర్ పెడితే బొమ్మ వచ్చింది కానీ స్టిక్ తిప్పిన కాసేపటికి గానీ బాండ్ తిరగడు. గరాజ్ సేల్‌లో 10 డాలర్లకు పాత డబ్బా టీవీ తెచ్చాక ఆ తేడా పోయింది. "రేపు దీన్ని పారేయాలంటే మనమే ఎదురు డబ్బులివ్వాలి, తెలుసా మీకు?" అంది మా ఆవిడ. నిజమే.

రెండో గొడవ కంట్రోలర్ స్టిక్. వాడగా వాడగా లోపలి ప్లాస్టిక్ అరిగి తెల్లటి పొడి రాలుతుంది, స్టిక్ వదులైపోతుంది. పూర్తిగా ముందుకు తోసినా గేమ్‌కి సగం తోసినట్టే అందుతుంది, బాండ్ పరుగెత్తాల్సిన చోట నడుస్తాడు. రెండు వారాలు నా చేతకానితనమే అనుకున్నాను. విప్పి, పొడి తుడిచి, అరిగిన గిన్నె మార్చి, కాస్త సిలికాన్ గ్రీజు రాశాను. ఆ ఒక్క రిపేరుతోనే ఏడెనిమిది సెకన్లు తగ్గాయి.

నేను ఆడేది 1.1 హనీ అనే బటన్ల అమరికతో. స్టిక్ ముందుకు తోస్తూ పక్కకు జరిగే పసుపు సీ బటన్ కూడా నొక్కిపట్టాలి. ఐమూలగా పరుగెత్తితే నేరుగా పరుగెత్తిన దానికన్నా వేగం ఎక్కువ. కారిడార్లలో కళ్లు నేలమీదే ఉండాలి. తెరమీద గీయాల్సిన బొమ్మ తగ్గితే కన్సోల్ నత్తనడక మానుతుంది. దీనికి ఆప్షన్స్‌లో లుక్ అహెడ్ ఆపేయాలి, లేకపోతే నడవగానే చూపు తనంతట తానే పైకి లేస్తుంది.

ఇక అసలు తలనొప్పి డాక్టర్ డోక్, ఈ లెవెల్లో బాండ్‌కి సాయం చేసే సైంటిస్టు. గేమ్ చేసినవాళ్లలో ఒకరైన డేవిడ్ డోక్ పేరే ఈ పాత్రకు పెట్టారు. 00 ఏజెంట్‌లో తలుపు తెరిచే డోర్ డీకోడర్ ఈయన చేతిలోంచి తీసుకుంటేనే పని జరుగుతుంది. కానీ ఆడిన ప్రతిసారీ ఒక్కో చోట ప్రత్యక్షమవుతాడు. దారిలో కనిపిస్తే సరి, మూలగదిలో ఉంటే ఆ ఆట పోయినట్టే. అందుకే ఇప్పుడు నా రూలు ఒకటే: దారిలో డోక్ లేకపోతే వెతకను, బాండ్ వాచీ (అదే పాజ్ మెనూ) పైకెత్తి అబార్ట్ కొట్టేస్తాను. కాల్చడం కూడా బాగా తగ్గించాను. ఆగి ఒక్కో గార్డుని పడగొట్టే బదులు రెండు తూటాలు తిని దాటేయడం చవక.

మధ్యలో మా బావమరిది వచ్చాడు. "బావా, ఒక్క మల్టీప్లేయర్" అంటూ కూర్చుని ఆడ్‌జాబ్‌ని ఎంచుకున్నాడు. ఆ పాత్ర పొట్టి కాబట్టి ఆటో ఎయిమ్‌తో (గేమే పెట్టే గురితో) కాల్చిన తూటా నెత్తిమీదుగా పోతుంది. మా ఇంట్లో ఆడ్‌జాబ్ నిషేధం ఆ రోజు నుంచే అమల్లోకి వచ్చింది.

ఈ రాత్రి పదకొండున్నరకి డోక్ సరిగ్గా దారిలోనే నిలబడి ఉన్నాడు. డీకోడర్ అందింది. బాట్లింగ్ రూమ్‌లో తోటి ఏజెంట్ 006ని కలిసి, పేల్చాల్సిన గ్యాస్ ట్యాంకులకు రిమోట్ మైన్లు (అతుక్కునే బాంబులు) విసురుకుంటూ వెళ్లి, వాటిని పేల్చడానికి ఏ, బీ రెండూ ఒకేసారి నొక్కాను. గది మొత్తం పేలింది, వెనక్కి చూడకుండా కన్వేయర్ బెల్టు మీదికి ఎక్కేశాను. పిల్లలు నిద్రపోతున్నారని మర్చిపోయి అరిచాను కూడా.

రిజల్ట్స్‌లో టైమ్ 2:01. ట్యాంకుల లైను పక్కన మాత్రం, ఫెయిల్డ్. ఎడమ వరసలో చివరి ట్యాంకుకి విసిరిన మైను గోడకు అతుక్కుని ఉంటుంది.