24 గంటల గేమింగ్, ఒక పిల్లల ఆసుపత్రి: ఎక్స్‌ట్రా లైఫ్‌లో నా అనుభవం

అమెరికాలో గేమర్లు పిల్లల ఆసుపత్రుల కోసం చందాలు పోగుచేసే కార్యక్రమాల్లో బాగా పేరున్నది ఎక్స్‌ట్రా లైఫ్. 2008లో మొదలైంది. 2010 నుంచి చిల్డ్రన్స్ మిరకిల్ నెట్‌వర్క్ హాస్పిటల్స్ అనే సంస్థ కింద నడుస్తోంది. ఆ నెట్‌వర్క్‌లో ఉన్న ఆసుపత్రుల్లో ఒకదాన్ని ఎంచుకుంటాం, 24 గంటలు ఆడతామని చెబుతాం, తెలిసినవాళ్ల చేత ఆ ఆసుపత్రికి డబ్బు వేయిస్తాం. డల్లాస్ వైపు ఉండే మా తెలుగు జట్టు ఈ పని ఎలా చేస్తుందో రాస్తున్నాను. ముందే చెప్పేస్తే మంచిది: ఆట ఒక సాకు మాత్రమే. అసలు పని అడగడం, అదీ ఆట మొదలయ్యేలోపే చాలావరకు అయిపోవాలి.

నమోదుకు పెద్ద సమయం పట్టదు. సైట్‌లో ఖాతా తెరిచి, ఆసుపత్రిని, లక్ష్యాన్ని పెట్టుకుంటే మీ పేరుతో ఒక విరాళాల పేజీ వస్తుంది. జట్టుగా చేరినా ఎవరి పేజీ వారికి ఉంటుంది, మొత్తం మాత్రం జట్టు పేజీలో కలుస్తుంది. 24 గంటలూ ఏకబిగిన ఆడాలనే నియమం లేదు, వీడియో గేమే ఆడాలనీ లేదు. క్యారమ్స్, అష్టాచమ్మా కూడా చెల్లుతాయి. మేం ఆటంతా ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూపిస్తాం కాబట్టి క్యారమ్ బోర్డు మీదికి కూడా ఒక కెమెరా దించి పెడతాం. పెద్దవాళ్లు కదలకుండా చూసేది ఆ గంటే.

వాట్సాప్ గ్రూపులో లింకు పడేస్తే పది మంది దండం పెట్టే బొమ్మ పెడతారు, పైసా రాలదు. ఒక్కొక్కరికి విడిగా, పేరుపెట్టి, అంకె చెప్పి అడగాలి. మేం పంపేది దాదాపు ఇలా ఉంటుంది: "అన్నా, నవంబర్ మొదటి శనివారం పిల్లల ఆసుపత్రి కోసం 24 గంటలు గేమ్స్ ఆడుతున్నాం. గంటకో డాలర్ లెక్కన 24 వేస్తావా? రసీదు నేరుగా నీ మెయిల్‌కే వస్తుంది, మీ కంపెనీలో మ్యాచింగ్ ఉంటే అంతే మొత్తం వాళ్లూ వేస్తారు. లింకు ఇదిగో." అంకె చెప్పకపోతే "చూద్దాంలే" అంటారు, అది అక్కడే ఆగిపోతుంది. ఇంకో జాగ్రత్త, మొదటి విరాళం మీదే అయి ఉండాలి. సున్నా చూపించే పేజీలో ముందు డబ్బు వేయడానికి ఎవరూ ఇష్టపడరు.

"నీకే జెల్ (బ్యాంకు ఖాతాల మధ్య డబ్బు పంపే యాప్) చేస్తాను, నువ్వు కట్టెయ్" అనేవాళ్లు తప్పకుండా తగులుతారు. ఒప్పుకోవద్దు. మీ కార్డు మీద కడితే రసీదు మీ పేరు మీద వస్తుంది, ఇచ్చినవాళ్లకు పన్ను మినహాయింపూ మ్యాచింగూ రెండూ పోతాయి. రేపు ఎవరైనా లెక్క అడిగితే ఎవరి డబ్బు ఎంతో చూపించడానికి మీ దగ్గర కాగితం కూడా ఉండదు. లక్కీ డ్రా జోలికీ పోవద్దు. డబ్బు తీసుకుని అదృష్టం మీద బహుమతి ఇస్తే చాలా రాష్ట్రాల్లో అది లాటరీ చట్టం కిందికి వస్తుంది. "25 డాలర్లు వేస్తే తర్వాతి గేమ్ నువ్వు చెప్పిందే" లాంటి ఆఫర్లు చాలు.

ఇక గడియారం. అందరూ ఆడే గేమ్ డే మామూలుగా నవంబర్ మొదట్లో శనివారం. అదే రాత్రి అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిరిగితే, శనివారం ఉదయం 8కి మొదలుపెట్టి ఆదివారం ఉదయం 8కి ఆపేసరికి 25 గంటలవుతుంది. డల్లాస్‌కీ హైదరాబాద్‌కీ మధ్య తేడా కూడా రాత్రికి రాత్రి పదిన్నర గంటల నుంచి పదకొండున్నరకు మారుతుంది. ఇండియావాళ్లకు టైము చెప్పేటప్పుడు ఇది చూసుకోకపోతే చివరి గంటలకు రావాల్సినవాళ్లు తప్పు టైముకు వస్తారు. లాభం కూడా ఉంది. అమెరికన్ జట్లకు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరుదాకా చాట్ (చూసేవాళ్లు సందేశాలు రాసే చోటు) ఖాళీ. మనకు ఆ సమయానికి ఇండియాలో ఆదివారం పగలు, కజిన్లంతా ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. చాట్ కళకళలాడుతుంది, మేల్కొని ఉండడానికి అదే మందు. డబ్బు ఇవ్వగలిగినవాళ్లు మాత్రం ఆ వేళ ఇక్కడ నిద్రలో ఉంటారు. అందుకే ముందే అడగాలన్నాను.

సాంకేతిక సంగతులు. మేం ఓబీఎస్ అనే ప్రసార సాఫ్ట్‌వేర్‌తో ట్విచ్ అనే లైవ్ వీడియో సైట్‌కి పంపుతాం. చిత్రం 1080పీ, సెకనుకు 60 ఫ్రేములు, బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) 6000 కేబీపీఎస్, కీఫ్రేమ్ (పూర్తి చిత్రం పంపే వ్యవధి) 2 సెకన్లు. ఆటలో పేలుళ్లు ఎక్కువుంటే తప్ప 720కి 4500 సరిపోతుంది. అప్‌లోడ్ వేగం కనీసం 10 ఎంబీపీఎస్ స్థిరంగా ఉండాలి, వైఫై వద్దు, వైరే. చిత్రం ఆగి ఆగి వస్తుంటే ఓబీఎస్ గణాంకాల కిటికీ తెరిచి ఏది పెరుగుతోందో చూడండి. నెట్‌వర్క్ వల్ల పడిపోయిన ఫ్రేములైతే బిట్‌రేట్ తగ్గించాలి. ఎన్‌కోడింగ్ (వీడియోను కుదించే పని) ఆలస్యమైతే భారం ప్రాసెసర్ నుంచి గ్రాఫిక్స్ కార్డు ఎన్‌కోడర్‌కు మార్చాలి. రెండరింగ్ (తెరమీది చిత్రాన్ని తయారుచేసే పని) ఆలస్యమైతే గేమ్ ఫ్రేమ్‌రేటుకు పరిమితి పెట్టాలి. మూడింటికీ ఒకే మందు వేస్తే పనిచేయదు.

రికార్డింగ్ కూడా అదే బిట్‌రేటులో చేస్తే గంటకు 2.7 జీబీ, రోజంతటికి 65 జీబీ దాకా అవుతుంది. ఫైలును ఎమ్‌కేవీ ఫార్మాట్‌లో పెట్టుకోండి. మధ్యలో కంప్యూటర్ పడిపోయినా అప్పటిదాకా తీసింది దక్కుతుంది, ఎమ్‌పీ4 అయితే మొత్తం పోవచ్చు. యూట్యూబ్‌లో నడిపేవాళ్లు 12 గంటలు దాటకముందే ఆపి మళ్లీ మొదలుపెట్టాలి, దాటితే వీడియో సేవ్ కాకపోవచ్చు. విండోస్‌లో యాక్టివ్ అవర్స్ (అప్‌డేట్ కోసం దానంతటది రీస్టార్ట్ కాని సమయం) 18 గంటలకు మించి పెట్టనివ్వదు, కాబట్టి దాన్ని నమ్ముకోకుండా అప్‌డేట్లను వారం పాటు ఆపేయాలి. సినిమా పాటలు వద్దే వద్దు. వెనకాల టీవీలో వచ్చిన పాటకు కూడా కాపీరైట్ దెబ్బ తగులుతుంది.

తెలుగు చాట్‌కు ప్రత్యేకమైన తలనొప్పి ఒకటుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు బూతులను ఆటోమోడ్ (చెడ్డ సందేశాలను ఆపే ట్విచ్ వడపోత) పట్టుకోదు. ఒక్కో మాటకు ఐదారు స్పెల్లింగులుంటాయి, అచ్చు రెట్టించి ఒకరు, హల్లు రెట్టించి ఇంకొకరు రాస్తారు. ఆ జాబితా ముందురోజే కూర్చుని రాసి నిషేధిత పదాల్లో పెట్టుకోవాలి (నవ్వుకుంటూ చేసే పని ఇదొక్కటే). విరాళంతో వచ్చే సందేశాలు మోడరేటర్ (చాట్‌ను చూసుకునే మనిషి) చూశాకే తెరమీదికి రావాలి. వాటిని యంత్రం గొంతుతో చదివించకండి, "పిన్ని" కూడా ఇంకేదోలా వినబడుతుంది.

జట్టులో ఆరుగురుంటే తలా నాలుగు గంటల వంతు, వంతుకూ వంతుకూ మధ్య అరగంట ఇద్దరూ ఉండేలా వేసుకోవాలి. తెల్లవారుజామున మూడు నుంచి ఆరు వరకు ఒక్కరినే వదలకూడదు. తెల్లారాక నిద్రమత్తులో కారు నడిపి ఇంటికి వెళ్లడమూ వద్దు.

ఆసుపత్రి పిల్లల ఫొటోలు ఎవరు పంపినా చూపించకండి, వైద్య గోప్యత చట్టాలున్నాయి. సంస్థ ఇచ్చే వీడియోలు వాడుకోండి. పాత గేమ్ కన్సోల్ ఇస్తామనేవాళ్లకూ ఆశ పెట్టొద్దు. ఇన్ఫెక్షన్ భయంతో సాధారణంగా సీలు విప్పని కొత్త వస్తువులే తీసుకుంటారు. వస్తువులే ఇవ్వాలనుకునేవాళ్లకు 2003లో మొదలైన చైల్డ్స్ ప్లే అనే సేవాసంస్థ దారి ఉంది, అందులో ఆసుపత్రులే కావలసినవి రాసి పెడతాయి.

ఆట అయ్యాక వారంలోపు దాతలందరికీ విడిగా మెసేజ్ పెట్టి, మ్యాచింగ్ దరఖాస్తు చేశారా అని అడగాలి. రసీదు ఎక్కించాల్సింది దాతే, మనం చేయలేం. గడువు కంపెనీని బట్టి మారుతుంది, డిసెంబర్ సెలవుల్లో మరచిపోయేది ఇదే.

"ఈ డబ్బు మన ఊరి పిల్లల ఆసుపత్రికి పంపొచ్చుగా" అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. ఎక్స్‌ట్రా లైఫ్ డబ్బు మనం ఎంచుకున్న ఆసుపత్రికే. ఇండియాకు పంపాలంటే అది వేరే పని. అక్కడి సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి. భారత పౌరసత్వం ఉన్నవాళ్లు తమ సొంత డబ్బును బ్యాంకు ద్వారా పంపితే ఆ చట్టం పట్టదు, అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉన్నవాళ్లకు పడుతుంది. పదిమంది డబ్బు ఒకరి ఖాతాలో కలిపి పంపితే ఎవరిదేదో తేల్చలేరు. కాబట్టి ఎవరి విరాళం వాళ్లే పంపుకోవాలి. ఇండియాలో ఉన్న బంధువులైతే అక్కడి ఆసుపత్రికే ఇచ్చి 80జి (ఆదాయపు పన్ను మినహాయింపు) రసీదు అడగడం మేలు, అమెరికా సంస్థకు ఇస్తే వాళ్లకు ఆ మినహాయింపు రాదు.