కిటికీ పక్క మిరపకుండీకి ఎరువెంత?

ఎరువు ప్యాకెట్ మీది "లీటరుకు 5 గ్రాములు" పొలంలో పిచికారీ లెక్క. కిటికీ వెలుతురులో పెరిగే మిరపకి అంత పోస్తే వేళ్లు మాడతాయి.

19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కోటి 19 శాతం ఉండే, నీళ్లలో కరిగే ఎరువు) లీటరుకు 1 గ్రాము కలిపితే నత్రజని 190 పీపీఎం, అంటే లీటరుకు 190 మి.గ్రా. కుండీకి అందులో సగం చాలు. అర గ్రాము తూచే కాటా ఇంట్లో ఎవరికుంటుంది? 10 గ్రాములు కరిగించి 200 మి.లీ. ద్రావణం చేసుకోండి; అందులో 10 మి.లీ. లీటరు నీళ్లకి. వారానికోసారి, మట్టి తడిగా ఉన్నప్పుడే, అడుగు నుంచి కాస్త కారేదాకా పోయాలి.

పూత మొదలయ్యాక వారం విడిచి వారం అదే కొలతలో 13:0:45 (పొటాష్ ఎక్కువుండే పొటాషియం నైట్రేట్). ఆకులు ముదురుపచ్చగా గుబురెక్కి పూత రాకపోతే నత్రజని ఎక్కువైనట్టే. పూత వచ్చి రాలుతుంటే ఎరువుని అనేముందు కొమ్మని వేలితో తట్టి చూడండి. ఇంట్లో గాలాడక పుప్పొడి రాలదు.

మట్టిమీద తెల్లపొర కడితే ఎరువు ఆపి, కుండీకి రెండింతల మంచినీళ్లు పోసి కారనివ్వండి. కాల్షియం నైట్రేట్ మాత్రం 19:19:19 ద్రావణంలో వేయొద్దు, ఫాస్ఫేట్‌తో కలిసి తెల్లగా అడుక్కి దిగిపోతుంది.