11 రోజులు గడువు దాటిన మీటరు

పాత ఫిరంగి బండ్ల తలుపులకు మేము చేసిన రబ్బరు పట్టీల మొదటి విడత సరుకుకు నిన్న సాయంత్రం ఆమోదపత్రం చేతికి వచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మాది మడికొండ పారిశ్రామికవాడలో చిన్న రబ్బరు కార్ఖానా. రెండు ప్రెస్సులు, ఆరుగురు మనుషులు. 22 ఏళ్లుగా రైసు మిల్లులకు రబ్బరు రోలర్లు చేస్తున్నాం. కరీంనగర్, జగిత్యాల మిల్లుల్లో మా సరుకే తిరుగుతుంది. కిందటేడు హైదరాబాదు నుంచి ఒక సంస్థవాళ్లు ఫోను చేశారు. పాత శిల్కా బండ్ల తలుపులకు రబ్బరు పట్టీలు కావాలి, చేయగలరా అని.

శిల్కా అంటే నాలుగు 23 మి.మీ. గొట్టాలతో విమానాలను కొట్టే ఫిరంగి బండి, గొలుసు చక్రాల మీద నడుస్తుంది. సోవియట్ వాళ్లు 1960లలో తెచ్చారు. దాన్ని ఆధునికీకరించడమంటే అందరూ రాడారు గురించే మాట్లాడతారు. వాల్వుల రాడారు తీసేసి కొత్తది పెట్టడం, రాత్రిపూట కూడా చూసే కెమెరాలు, డిజిటల్ కంప్యూటరు. తలుపు రబ్బరును ఎవరు తలుచుకుంటారు? లోపలి గాలి ఒత్తిడి బయటికన్నా కాస్త ఎక్కువ ఉంటేనే దుమ్మూ విషవాయువూ చొరబడవు. రబ్బరు గట్టిపడిపోతే ఆ ఒత్తిడి నిలవదు. నమూనాగా ఇచ్చిన పాత పట్టీని వంచితే అప్పడంలా విరిగింది. దాని మీద నాలుగైదు పొరల ఆకుపచ్చ రంగు! తలుపుతో పాటు రబ్బరుకూ రంగు కొట్టిన మహానుభావుడెవరో.

చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర పేరు రాయించుకునే ఉద్యం నమోదు ఒక పూట పని, పైసా ఖర్చు లేదు. డబ్బు అడిగే ఏజెంటును గుమ్మం ఎక్కనివ్వకండి. డ్రాయింగు మాత్రం జిరాక్సుకు జిరాక్సు, అన్నీ రష్యన్ అక్షరాలు. సైన్యంలో బండ్లూ ఆయుధాలూ మరమ్మతు చేసే ఈఎంఈ విభాగంలో హవల్దారుగా చేసి వచ్చిన పరకాల అన్న ఒకాయన ఏ గీత ఏమిటో విడమరిచి చెప్పాడు.

రోలరు రబ్బరు గట్టిగా, గట్టిదనం కొలిచే షోర్ మీటరు మీద 90 దగ్గర ఉండాలి. ఈ పట్టీకి 60 చాలు. మొదట నైట్రైల్ అనే రకం రబ్బరుతో చేశాను. డీజిలుకు తట్టుకుంది కానీ ఎండకు నెర్రెలిచ్చింది. నియోప్రీన్ అనే మరో రకంతో రెండూ కుదిరాయి. ఇక ల్యాబు పరీక్ష. ముక్కను పావు వంతు నొక్కి బిగించి, 70 డిగ్రీల వేడిలో 22 గంటలు ఉంచి, విప్పిన అరగంటకు మందం ఎంత తిరిగి వచ్చిందో కొలుస్తారు. మూడోసారికి గట్టెక్కాం.

ఇక అసలు సంగతి. తనిఖీకి ఆరు పట్టీలు, మేము కొలిచిన కాగితాలు, కొలిచిన మీటరు తెమ్మన్నారు. తెల్లవారుజామున కాజీపేటలో రైలెక్కాను. గేటు దగ్గర ఫోను తీసేసుకుని మూడు గంటలు బల్ల మీద కూర్చోబెట్టారు. చివరికి పిలిచిన తనిఖీ అధికారికి మా అబ్బాయి వయసు ఉంటుంది. పట్టీలను ముట్టుకోలేదు. మీటరు వెనక్కి తిప్పి, అది సరిగ్గా కొలుస్తోందని పరీక్షించిన తేదీ ఉన్న చీటీని గోటితో గీకి, "కాలిబ్రేషన్ గడువు దాటి 11 రోజులైందండీ" అన్నాడు.

"బాబూ, ముందు రబ్బరు చూడండి," అన్నాను.

"మీటరునే నమ్మలేనప్పుడు, దానితో మీరు కొలిచిన రబ్బరును ఎలా నమ్మమంటారు?"

బొటనవేలితో నొక్కి 60కీ 65కీ తేడా చెప్పగలను నేను. ఆ మాట పైకి అన్నాను కూడా. అనకుండా ఉండాల్సింది. గదిలో నలుగురూ నవ్వారు. టీ తెచ్చిన కుర్రాడు కూడా నవ్వాడు. పట్టీలు సంచిలో పట్టక భుజానికి తగిలించుకుని రైలెక్కితే, భువనగిరి దాకా ఒకాయన "ఏమిటండీ ఇవి?" అని అడుగుతూనే ఉన్నాడు. మిల్లు బెల్టులని అబద్ధం చెప్పాను.

తేదీలు చూసుకోవాల్సింది మా మేనల్లుడు. "మామయ్యా, నేను చూసుకుంటాను కదా" అన్నవాడే. ఇంటికి వెళ్లి వాడిని అన్న మాటలు ఇక్కడ రాయను. ఆ అధికారి చెప్పింది తప్పని ఇప్పటికీ అనలేకపోతున్నాను, అదే ఎక్కువ మండిస్తోంది. కానీ గేటు దగ్గరే చీటీ చూసి పంపేస్తే ఆ మూడు గంటలు మిగిలేవి కదా!

మీటరు కాలిబ్రేషన్‌కు 800 రూపాయలైంది. రెండోసారి తనిఖీ 20 నిమిషాల్లో ముగిసింది. అదే అధికారి పట్టీని వంచి, అతుకు కోసం రెండుసార్లు తడిమి, దొరకక నన్నే చూపించమన్నాడు. చూపించాను, తీరిగ్గా.

తరువాత 40 పట్టీలు పంపాం, నిన్న ఆమోదం వచ్చింది. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని చట్టం. నిన్నటి తేదీ మీద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, క్యాలెండరును మీటరు ఉన్న బీరువా తలుపుకే తగిలించాను. గడువు దాటి 11 రోజులయ్యేదాకా ఆగకుండా 46వ రోజునే వెళ్లి ఆ గేటు ముందు కూర్చుంటాను.